ఇంటి కప్పు ఎందుకు నిలుస్తుంది?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేశారు. "ఫిజిక్సులో పీజీ చేస్తున్నావు గదా, మన పిల్లలకు పనికొచ్చే సైన్సు వ్యాసం ఒకటి రాయి" అన్నారు. నక్షత్రాల గురించి రాద్దామా, లేజర్ల గురించి రాద్దామా అని రెండు రోజులు ఆలోచించాను. చివరికి నేను ఆరో తరగతిలో ఈ హాస్టల్లో చేరిన రోజు గుర్తుకొచ్చింది. అందుకే ఇంటి కప్పు గురించి రాస్తున్నాను.

మన హాస్టల్లో పాత భోజనాల షెడ్డు మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పొడుగాటి గది, పైన కర్ర దూలాలు, బంగళా పెంకులు. ఇప్పుడు అది లేదు, ఆ చోట స్లాబు బిల్డింగు వచ్చింది. నన్ను చేర్పించటానికి వచ్చిన రోజున మా నాన్న ఆ షెడ్డులో నిలబడి తలెత్తి కప్పు వంక చూస్తూ ఉండిపోయాడు. మిగతా పిల్లల తల్లిదండ్రులు మెనూ గురించీ, దుప్పట్ల గురించీ అడుగుతున్నారు. మా నాన్న మాత్రం దూలాలు లెక్కపెడుతున్నాడు. నాకు సిగ్గేసింది. వెళ్లేటప్పుడు నా తల మీద చెయ్యేసి, "ఈ కప్పు కట్టినోడు మంచి పనోడురా. కప్పుని గోడల మీద ఊరికే కూర్చోబెట్టలా, గోడల్ని పట్టుకునేట్టు కట్టాడు. నువ్వు భయపడకుండా ఉండు" అన్నాడు.

మా నాన్న వేలిముద్ర వేస్తాడు. మాది కోడూరు మండలంలో సముద్రానికి దగ్గరి ఊరు. పూరిళ్లకు ఆకు కప్పటం ఆయన పని. కప్పు "కూర్చోవటం" ఏమిటి, "పట్టుకోవటం" ఏమిటి అనేది నాకు ఆ రోజున అర్థం కాలేదు. ఎం.ఎస్సీ.కి వచ్చాక అర్థమైంది. అదే మీకు చెబుతాను.

రెండు పుస్తకాల ప్రయోగం

మీ పెట్టెలో నుంచి రెండు అట్ట పుస్తకాలు తీయండి. నున్నటి నేల మీద రెండింటినీ ఒకదానికొకటి ఆనించి గుడారంలా నిలబెట్టండి. పై నుంచి వేలితో కొద్దిగా నొక్కండి. ఏమవుతుంది? కింది అంచులు రెండూ చెరో పక్కకూ జారి, గుడారం పడిపోతుంది. ఇప్పుడు రెండు పుస్తకాల కింది అంచులూ పక్కలకు జరగకుండా చుట్టూ ఒక దారం కట్టి మళ్లీ నొక్కండి. ఈసారి పడదు.

ఏ వాలు కప్పుకైనా ఉన్న మొదటి కష్టం ఇదే. కప్పు బరువు కిందికి మాత్రమే పోతుందని మనం అనుకుంటాం. కాని ఏటవాలుగా ఉన్న వాసం తన కింది కొసను బయటికి కూడా తోస్తుంది. ఆ తోపుకు గోడ బయటికి ఒరుగుతుంది. మట్టిగోడైతే కొన్నేళ్లకు పగులుతుంది. ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డంగా వేసే దూలం మన ప్రయోగంలో దారం చేసిన పనే చేస్తుంది. రెండు వాసాలు, ఒక దూలం కలిస్తే త్రికోణం అవుతుంది. నాలుగు పుల్లలు మేకులతో కలిపి చతురస్రం చేస్తే, పక్కకు నెట్టగానే అది వాలిపోతుంది. మూడు పుల్లల త్రికోణం మాత్రం పుల్ల విరిగితే తప్ప ఆకారం మారదు. వంతెనల్లోనూ, కరెంటు టవర్లలోనూ, సినిమా హాలు కప్పుల్లోనూ త్రికోణాలే కనిపించేది అందుకే.

పూరింటి కప్పు

మన దివిసీమ పూరిల్లు చూడటానికి ఏముందిలే అనిపిస్తుంది. నిజానికి అందులో చాలా లెక్క ఉంది. ఇంటి మధ్యలో భూమిలో లోతుగా పాతిన నిట్రాడు ఉంటుంది. దాని మీద నడికొప్పు దూలం. ఆ దూలం నుంచి నాలుగు పక్కలా కిందికి దిగే వాసాలు, వాసాల మీద అడ్డంగా కట్టే బద్దలు, బద్దల మీద తాటాకు. వాసాలకు సరుగుడు గాని తాటి చీలికలు గాని వాడతారు. చేవ దేరిన ముదురు తాటి కర్ర ఉప్పుగాలికి బాగా ఆగుతుందని మా నాన్న అంటాడు.

నిట్రాడు ఉన్న ఇంట్లో బయటికి తోపు తక్కువ. ఎందుకంటే వాసం పై కొస ఎదుటి వాసానికి ఆని నిలబడటం లేదు. నడికొప్పు దూలానికి కట్టి వేలాడుతోంది. సగం బరువు నిట్రాడి గుండా నేరుగా భూమిలోకి పోతుంది. అందుకే పలచటి మట్టిగోడ కూడా సరిపోతుంది. గోడ కూలినా చాలాసార్లు కప్పు నిలబడే ఉంటుంది.

ఆకు ఎప్పుడూ చూరు దగ్గర మొదలుపెట్టి పైకి కప్పుకుంటూ పోతారు. పై వరస కింది వరస మీదికి రావాలి. అప్పుడే నీరు ఒక ఆకు మీద నుంచి ఇంకో ఆకు మీదికి జారుతుంది. వాలు చాలినంత లేకపోతే నీరు నిలిచి ఆకు కుళ్లుతుంది. ఇక్కడ మేకు వాడేది తక్కువ. అంతా తాటి నార, కొబ్బరి తాడు, ఇప్పుడైతే ఇనుప తీగ. మేకు కర్రను చీలుస్తుంది, గాలికి ఊగి ఊగి వదులవుతుంది. తాడు కాస్త సాగుతుందేగాని వదలదు. మా నాన్న మాటల్లో "పట్టుకోవటం" అంటే ముందుగా ఈ కట్టే.

గుడివాడలో చూసిన పాత ఇల్లు

పూరిళ్లు తగ్గిపోయాక మా నాన్నకు పని తగ్గింది. ఊళ్లో చాలామందికి స్లాబు ఇళ్లు వచ్చాయి. అది మంచిదే, మాకూ వచ్చింది. ఆ తరవాత ఆయన పాత ఇళ్లు విప్పే పనికి వెళ్లటం మొదలుపెట్టాడు. గుడివాడ చుట్టుపక్కల పాత మండువా ఇళ్లను విప్పి, టేకు దూలాలు, తలుపులు కలప అడితీలకు అమ్ముతారు. డిగ్రీ సెలవుల్లో ఒకసారి నేను కూడా కూలికి వెళ్లాను.

పెంకులు దింపాక ఆ కప్పు ఎముకల గూడులా కనపడింది. గోడ నుంచి గోడకు దూలం. దూలం నడుమ నిలబెట్టిన పొట్టి స్తంభం, దాన్ని గుజ్జు అంటారు. గుజ్జు నెత్తిన నడికొప్పు దూలం. నిట్రాడు ఇంటి మధ్యలో అడ్డం రాకుండా, దాన్ని సగానికి కోసి దూలం మీద నిలబెట్టినట్టు అనుకోండి. ఇలా చేస్తే కింద గది ఖాళీగా ఉంటుంది. కాని ఒక చిక్కుంది. కప్పు బరువంతా గుజ్జు గుండా దూలం నడుమ పడి దాన్ని కిందికి వంచుతుంది. కర్రకు వంగటం పెద్ద కష్టం. అందుకే ఆ దూలాలు అంత లావు.

మన భోజనాల షెడ్డులో దూలాలు అంత లావు లేవు. ఎందుకని? అక్కడా నడుమ నిలువు కర్ర ఉండేది. కాని అది దూలాన్ని నొక్కటం లేదు, పైకి లాగి పట్టుకుని ఉంది! రెండు వాసాలు పైన ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఆ నిలువు కర్ర తలను గట్టిగా బిగించి పట్టుకుంటాయి. దాని కాలికి దూలం నడుమ భాగం వేలాడుతుంది. దూలం రెండు వాసాల కాళ్లనూ లాగి పట్టుకుంటుంది. దూలానికి వంగే పని తక్కువ, సాగే పని ఎక్కువ. లాగితే కర్ర చాలా బరువు ఆపుతుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఒకదానిలో నిలువు కర్ర మోస్తోంది, ఇంకోదానిలో వేలాడదీస్తోంది. మా నాన్న కింద నిలబడి చూసి చెప్పింది ఈ తేడానే. నేను దాన్ని కాగితం మీద బాణం గుర్తులతో నేర్చుకున్నాను.

ఆ గుడివాడ ఇంట్లో ఇంకో వింత చూశాను. ప్రతి కర్ర కొస మీదా ఉలితో కొట్టిన గీతలున్నాయి. ఒక గీత, రెండు గీతలు, మూడు గీతలు. మేస్త్రీ గారిని అడిగితే, "కింద నేల మీద అన్నీ అమర్చి చూసుకుని, గుర్తులు పెట్టుకుని, విప్పి పైకెక్కిస్తారు బాబూ. ఏ కుడికి ఏ ఎడమో తెలియాలి గదా" అన్నారు.

ఇంగ్లండులో ఒక సంఘం హాలు

ఈ గీతలే నాకు మళ్లీ ఒక పుస్తకంలో కనిపించాయి. ఇంగ్లీషువాళ్లు 1611లో మన బందరుకు వచ్చి వర్తక స్థావరం పెట్టారని మనం చదువుకున్నాం. దానికి సుమారు 250 ఏళ్ల ముందు వాళ్ల దేశంలో ఊరి వర్తకులు, చేతిపనివాళ్లు సంఘాలుగా ఏర్పడి, తమ సంఘానికి హాళ్లు కట్టుకునేవారు. ఆ సంఘాన్ని గిల్డ్ అనీ, హాలును గిల్డ్ హాల్ అనీ అంటారు. యార్క్ నగరంలో మర్చంట్ అడ్వెంచరర్స్ హాల్ అని అలాంటిది ఒకటి ఈనాటికీ ఉంది. 1357లో మొదలుపెట్టి సుమారు అయిదేళ్లలో కట్టారు.

పై అంతస్తులో పెద్ద హాలు. వెడల్పు ఎక్కువ కాబట్టి ఒకే కప్పు వేయలేదు. రెండు కప్పులు పక్కపక్కన వేసి, ఆ రెండూ కలిసే చోట హాలు మధ్యలో లావుపాటి కర్ర స్తంభాల వరస నిలబెట్టారు. మన నిట్రాడు లాంటి ఆలోచనే! ఆ స్తంభాల మీదా, గోడల మీదా అడ్డ దూలాలు. దూలాల మీద మన గుజ్జులాంటి పొట్టి స్తంభాలు. వాళ్లు వాడింది ఓక్ కర్ర. కొసను సన్నగా చెక్కి, ఇంకో కర్రలో తొలిచిన రంధ్రంలోకి దించి, అడ్డంగా కర్ర సీల కొట్టేవారు. ఓక్ పచ్చిగా ఉండగానే పని చేసేవారు. ఎండే కొద్దీ కర్ర బిగుసుకుని అతుకు మరింత గట్టిపడేది. వాళ్లు కూడా కర్రలను కింద అమర్చి, ఉలితో గీతలు పెట్టి, విప్పి తీసుకువెళ్లి నిలబెట్టేవారు.

ఆ భవనంలో నాకు అన్నిటికన్నా నచ్చింది కింది అంతస్తు. పైన వర్తకులు సమావేశమైతే, కింద పేదలకు, ముసలివాళ్లకు ఆశ్రయం ఇచ్చేవారు. ఒకే కప్పు కింద రెండూ. సంఘంగా ఏర్పడి లేనివాళ్లకు నీడ ఇవ్వాలనే ఆలోచన అంత పాతది. మనం కూడా అలాంటి నీడలోనే చదువుకున్నాం గదా.

మధ్యలో స్తంభాలే వద్దనుకుంటే? లండనులో వెస్ట్‌మినిస్టర్ హాలని రాజుగారి హాలు ఉంది. 1393లో రెండో రిచర్డ్ రాజు దానికి కొత్త కప్పు వేయించాడు. హ్యూ హెర్లాండ్ అనే వడ్రంగి మేస్త్రీ ఆ పని చేశాడు. వెడల్పు సుమారు 68 అడుగులు. అంత పొడవు దూలం ఏ చెట్టు ఇస్తుంది? అందుకని గోడల నుంచి రెండు పక్కలా పొట్టి దూలాలను లోపలికి చొప్పించి, వాటి కింద ఏటవాలు ఊతాలు పెట్టి, వాటి మీద స్తంభాలు లేపి, మెట్లు మెట్లుగా మధ్యకు వచ్చాడు. పైగా పెద్ద కమానులు కలిపాడు. కింద ఒక్క స్తంభం లేదు. బయటికి వచ్చే తోపును ఆపటానికి మందమైన రాతి గోడలున్నాయి. 600 ఏళ్లు దాటినా ఆ కప్పు నిలిచే ఉంది.

మరి మనకేవీ?

మన దగ్గర అలాంటి పాత కర్ర హాళ్లు ఎందుకు లేవని మీరు అడగవచ్చు. మనకు పనివాళ్లు లేక కాదు. మన తేమకు, చెదలకు, తుఫాన్లకు కర్ర అన్నాళ్లు నిలవదు. కాని రాయి దాచిపెట్టింది. ఏలూరు జిల్లా కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండకు వీలైతే వెళ్లి రండి. అక్కడ క్రీస్తు పూర్వం నాటి గుండ్రటి బౌద్ధ చైత్యం ఉంది. కొండను తొలిచి చేసిన గది అది. లోపల తలెత్తి చూస్తే, గుండ్రటి పూరింటి వాసాల్లా రాతిలో చెక్కిన పక్కటెముకలు కనిపిస్తాయి. రాతి కొండకు వాసాలెందుకు? అవసరం లేదు. కాని అది చెక్కినవాళ్లకు ఇల్లంటే, గుడంటే కర్ర వాసాలున్నదే. అంటే సుమారు రెండు వేల ఏళ్ల కిందట ఈ ప్రాంతంలో కర్రతో కప్పులు కట్టేవాళ్లు ఉన్నారన్నమాట. వాళ్ల పేర్లు మనకు తెలియవు.

గాలి చేసే పని

ఇంతవరకు చెప్పింది కప్పు బరువు సంగతి. మన తీరంలో రెండో శత్రువు ఉంది, గాలి. అది కప్పును కిందికి నొక్కదు, పైకి లాగుతుంది.

ఒక కాగితం ముక్క కొసను పెదవి కింద పట్టుకుని పైనుంచి గట్టిగా ఊదండి. వేలాడుతున్న కాగితం పైకి లేస్తుంది. వేగంగా పోయే గాలి కప్పు వంపు దాటేటప్పుడు కూడా పైన ఒత్తిడి తగ్గుతుంది. దానికి తోడు గాలి వచ్చే వైపు తలుపో కిటికీయో తెరుచుకుంటే, లోపలికి దూరిన గాలి కింద నుంచి తోస్తుంది. లోపల తోపు, బయట లాగుడు కలిసి కప్పును ఎత్తేస్తాయి.

ఎంత బలంతో? గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఇంజినీర్ల లెక్క ప్రకారం గంటకు 100 కిలోమీటర్ల గాలిలో చదరపు మీటరుకు సుమారు 47 కిలోల బరువంత ఒత్తిడి ఉంటుంది. 200 కిలోమీటర్లయితే సుమారు 190 కిలోలు. కప్పు వాలును బట్టి అందులో కొంత భాగమో, అంచుల దగ్గర అంతకన్నా ఎక్కువో పైకి లాగుతుంది. బంగళా పెంకు ఒక్కోటి రెండు మూడు కిలోలుంటుంది. చదరపు మీటరుకు 15 పెంకులనుకుంటే 30 నుంచి 45 కిలోలు. అంటే 200 కిలోమీటర్ల గాలికి తన బరువుతో నిలబడే పెంకుల కప్పు లేదు. బరువుగా "కూర్చున్న" కప్పు ఎగిరిపోతుంది. కప్పు వాసాన్ని, వాసం దూలాన్ని, దూలం స్తంభాన్ని, స్తంభం భూమిని పట్టుకుని ఉండాలి. ఈ గొలుసులో ఒక్క లంకె వదులైనా మిగతావి ఎంత గట్టివైనా లాభం లేదు.

1864 నవంబరు 1 ఉప్పెనలో బందరులోనూ చుట్టుపక్కలా సుమారు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19 రాత్రి మన దివిసీమను ముంచిన ఉప్పెనలో చనిపోయినవాళ్లు ప్రభుత్వ లెక్కల్లోనే పది వేల దాకా ఉన్నారు. మా తాతయ్య, మా నాన్న అక్క ఆ రాత్రే పోయారు. అప్పుడు మా నాన్నకు అయిదేళ్లు. కొట్టుకొస్తున్న ఒక పూరికప్పును మా నాయనమ్మ పట్టుకుని, నాన్నను దాని మీద పడుకోబెట్టింది. ఎవరి ఇంటిదో తెలియదు. గోడలు పోయినా, ఆ కప్పు విడిపోలేదు. "ఎవడు కట్టాడో గాని, ఒక్క ముడి ఊడలేదు" అని ఆమె చనిపోయేదాకా చెబుతూనే ఉండేది. మా నాన్న ఏ గదిలోకి వెళ్లినా ముందు పైకి ఎందుకు చూస్తాడో నాకు ఇప్పుడు తెలుసు. నన్ను వదిలి వెళ్లేటప్పుడు ఆయన నాకు చెప్పిన ధైర్యం కూడా అదే.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. ఎంత గట్టి కప్పయినా గాలికే మందు, ఉప్పెనకు కాదు. మనిషి మునిగే నీళ్లొస్తే ఎత్తయిన చోటికి పోవటమే దారి. 1977 తరవాత తుఫాను షెల్టర్లు కట్టారు. 1990 మే తుఫానుకు లక్షల మందిని ముందే తరలించారు, ప్రాణనష్టం వెయ్యి లోపే ఆగింది. కాబట్టి వెళ్లమని చెప్పినప్పుడు మీ వాళ్లను "మన ఇల్లు గట్టిదిలే" అననివ్వకండి.

ఇంటికి వెళ్లినప్పుడు ఇవి చూడండి

మనలో చాలామంది ఇళ్లకు ఇప్పటికీ తాటాకో, సిమెంటు రేకో, ఇనుప రేకో ఉంది. ఈ సెలవుల్లో ఒక గంట వెచ్చించండి.

ఒకటి, రేకులను కొక్కెం బోల్టులతో బిగించారా, లేక పైన రాళ్లు, టైర్లు పెట్టి వదిలేశారా? రాయి బరువు ఎంతో, గాలి లాగుడు ఎంతో ఇప్పుడు మీకు తెలుసు. పైగా ఎగిరిన రాయి మనిషిని చంపుతుంది. అంచుల దగ్గర బోల్టులు దగ్గర దగ్గరగా ఉండాలి.

రెండు, వాసం దూలం మీద ఊరికే ఆనిందా, లేక తీగతోనో ఇనుప పట్టీతోనో కట్టి ఉందా? తుప్పు పట్టిన తీగను మార్చండి.

మూడు, నిట్రాడు, మూల రాటలు భూమిని తాకే చోట చెదలు పట్టాయేమో గోటితో గుచ్చి చూడండి. కర్ర ముందు కుళ్లేది అక్కడే.

నాలుగు, చూరు అడుగున్నర కన్నా ఎక్కువ బయటికి పొడుచుకు వస్తే గాలి దాన్ని కింద నుంచి ఎత్తుతుంది. రెండు వాలుల కప్పు కన్నా నాలుగు వాలుల కప్పు గాలికి బాగా తట్టుకుంటుంది. కొత్తగా వేసుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అయిదు, తుఫాను హెచ్చరిక రాగానే తలుపులు, కిటికీలు గట్టిగా బిగించాలి. వీలుంటే కప్పు మీద నుంచి తాళ్లు వేసి, రెండు పక్కలా భూమిలో గూటాలు కొట్టి కట్టాలి. ఇది మన పెద్దలు చేసిన పనే.

తమ్ముళ్లూ, మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. చదువుకునే రోజుల్లో మా నాన్న పని గురించి ఎవరైనా అడిగితే "వ్యవసాయం" అని చెప్పేవాణ్ని. ఆకు కప్పుతాడని చెప్పటానికి నామోషీ. క్లాసులో బలాల గురించి మా సారు చెప్పిన రోజున ఇంటికి ఫోన్ చేసి, "నాన్నా, నువ్వు ఆ రోజు షెడ్డులో చెప్పింది నిజమే" అన్నాను. "అది తెలుసుకోటానికి అన్నేళ్లు పట్టిందా అయ్యా?" అని నవ్వాడు.

మీ అమ్మానాన్నలు కూడా ఏదో ఒక పని చేతులతో చేస్తూనే ఉంటారు. అది వల నేయటం కావచ్చు, నారు పోయటం కావచ్చు, చెప్పు కుట్టటం కావచ్చు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు వాళ్ల పక్కన కూర్చుని "ఇది ఇలాగే ఎందుకు చేస్తావు?" అని అడగండి. వాళ్లు చెప్పింది రాసుకోండి. మన పాఠ్యపుస్తకంలో ఉన్న సూత్రం అందులో ఎక్కడో ఒకచోట కనపడుతుంది. వాళ్లకు రాయటం రాకపోవచ్చు. మనకు వచ్చు గదా.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ అన్న,
పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (ఫిజిక్స్)